గుండు మీది ఎర్ర గుర్తు

అనంతపురంలో మేము చదువుకున్న ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ బ్రాంచిని ఎత్తేస్తున్నారు. చేరేవాళ్లు లేరట. ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లలే చివరివాళ్లని, వాళ్లకు వీడ్కోలు సభ పెడుతున్నామని, పాత విద్యార్థినిగా నేను వచ్చి నాలుగు మాటలు చెప్పాలని ఆ శాఖాధిపతి ఫోన్ చేశాడు. నా కొడుకు వయసు ఉంటుందేమో, గొంతులో బాధేమీ లేదు. "డిపార్ట్‌మెంట్ చరిత్ర మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు మేడమ్?" అన్నాడు. చావు కబురు చెబుతూ పుట్టుపూర్వోత్తరాలు అడుగుతాడేమిటని ఒళ్లు మండింది. కసిరేద్దామనుకుంటూనే వస్తానన్నాను. ఇరిగేషన్ శాఖలో పనిచేసి, రిటైరై, కదిరిలో ఉంటున్న ముసలిదాన్ని. నన్ను పిలిచేవాళ్లు ఎక్కువమంది లేరు.

కదిరి నుంచి బస్సు బత్తలపల్లి మీదుగా పోతుంది. బత్తలపల్లి ఇంకా రాకముందే రోడ్డు పక్కన ఒక చీనీ తోటను, అదే బత్తాయి తోటను, కొట్టేస్తున్నారు. చెట్లు నిలువునా ఎండిపోయి ఉన్నాయి. మిషను రంపం పెట్టి మొదలంటా కోస్తుంటే లేత పసుపురంగు పొట్టు గాలికి లేచి కిటికీలోంచి లోపలికొచ్చింది. ఎండిన చీనీ కట్టెకు ఒక వాసన ఉంటుంది. చీనీ తొక్కను నిప్పుల మీద వేసినట్టు, చేదుగా, అడుగున కొంచెం తీయగా. పక్కన కూర్చున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "బోరు పోయినట్లుండాదక్కా. పాపం, ఎన్నని ఏస్తారు బోర్లు" అంది. నేను చీర మీద పడ్డ పొట్టును వేళ్లతో ఏరాను. మా ఊరు అక్కడికి దగ్గరే. మా తోట కూడా అలాగే పోయింది, అది పోవడంలో ఆ కాలేజీ సివిల్ బ్రాంచికి చెయ్యి ఉంది. ఆ సంగతి ఎత్తకుండా దాని చరిత్ర చెప్పమంటే నేనేం చెప్పను?

సభకు ముందు పిల్లలు నన్ను సర్వే ల్యాబుకు తీసుకుపోయారు. ఒకప్పుడది పొడుగాటి గది. ఇప్పుడు సగానికి అడ్డగోడ కట్టి అవతల కంప్యూటర్లు పెట్టారు. ఇవతల అద్దాల బీరువాలో మా కాలపు లెవెల్ యంత్రం మెరుపు చచ్చిపోయి కూర్చుని ఉంది. నేల ఎత్తుపల్లాలు చూసే దుర్భిణి అది. మూడు కాళ్ల మీద నిలబెట్టి, దూరంగా ఒకరు పట్టుకున్న కొలబద్ద మీద అంకె చదివేవాళ్లం. మడకశిర వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె, గొర్రెలు మేపే ఇంటి పిల్ల, నా పక్కన నిలబడింది. దీన్ని ఎప్పుడైనా పట్టుకున్నావా అని అడిగితే, ఒకే ఒకసారి కాలేజీ గ్రౌండులో పట్టుకున్నామని చెప్పింది. ఊళ్లకు పోయి ఉండే సర్వే క్యాంపులు తీసేశారట. "థియరీ అంతా వచ్చు మేడమ్" అని, నన్ను మెప్పించాలని కాబోలు, గడగడా అప్పజెప్పింది. "బెంచ్ మార్క్ పెట్టే ముందు, ఆ రాయి ఎప్పుడన్నా కదులుతాదా అని ఊర్లో వాళ్లని అడగాల."

ఇది ఏ పుస్తకంలో ఉందన్నాను.

"పుస్తకంలో ల్యేదు మేడమ్. మా సార్లు చెప్తారు. వాళ్లకు వాళ్ల సార్లు చెప్పినారంట. ఎందుకో తెల్దు."

అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. మా నాయన తోట మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఈ పిల్లకు అది తెలియదు, వచ్చే ఏటికి ఆ వాక్యాన్ని అప్పజెప్పే పిల్లలు కూడా ఉండరు.

నేను చేరినప్పుడు కాలేజీలో మూడే బ్రాంచీలు, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్. వాటిల్లో సివిల్ పెద్దన్న. రాతి కట్టడం, ఎండాకాలం గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. మొదటి సంవత్సరం ఏ బ్రాంచివాళ్లయినా వర్క్‌షాపులో ఇనుపముక్కను ఆకురాయితో రుద్ది చదరం చేయాల్సిందే, అరచేతులు బొబ్బలెక్కేవి. ఈ కరువు నేలకు కాలువలు, చెరువుకట్టలు కట్టేవాళ్లు కావాలనే ఈ కాలేజీ పెట్టారని మా సార్లు చెప్పేవాళ్లు. నిజమో కాదో తెలియదు గాని నేను గట్టిగా నమ్మాను. తర్వాత ఎలక్ట్రానిక్స్ వచ్చింది, కంప్యూటర్లు వచ్చాయి, పెద్దన్న మెల్లగా ఇంటి వెనక గదిలోకి జరిగాడు. మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. లేడీస్ హాస్టల్ అంటే ఒక పాత బంగళా. వెనక వంటగదిలో కట్టెల పొయ్యిలు, పొగకు నల్లబడిన దూలాలు, రోజంతా దగ్గుతూ వండే వంటామె. నీళ్లు తలా రెండు బకెట్లు. మిగతా పిల్లలు రెండు బకెట్లా అని ఏడ్చేవాళ్లు. నాకు రెండు బకెట్లంటే పండగ.

ఎందుకంటే మా ఇంట్లో స్నానం చేసేది చెట్టు మొదట్లో. ఊరంతా వానను నమ్ముకుని శనక్కాయ వేస్తుంటే, నాయన మాత్రం పట్టుబట్టి చెరువు కింద బావి తవ్వించి చీనీ అంట్లు నాటాడు. చీనీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ బిడ్డను సాకినట్టు సాకాలి. బావిలో నీళ్లు తగ్గడం మొదలైనప్పటి నుంచి అమ్మ ఒక కట్టడి పెట్టింది. ఇంటి దగ్గర చుక్క నీరు పారబోయకూడదు. తోటలో తడికె అడ్డం పెట్టుకుని, తలా ఒక చెట్టు కింద కూర్చుని పోసుకోవాలి, ఎవరి నీళ్లు వాళ్ల చెట్టుకు. నాయనకొక చెట్టు, అమ్మకొకటి, నాకొకటి. సబ్బు ముట్టనివ్వదు, చెట్టుకు పడదని. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు, ఆఖరికి చేతులు కడిగిన నీళ్లు కూడా కుండలో పోగుచేసి సాయంత్రం తోటకు మోసేది. చుట్టాలొస్తే వాళ్లకూ చెట్టు చూపించేది. "ఆ మూల చెట్టు బక్కగ ఉండాది, దాని కాడ పోసుకోప్పా" అనేది, మొహమాటమేమీ లేకుండా. తెల్లారగట్ల చల్లటి మన్ను, నెత్తిన రాలే చీనీ పూరేకులు, నా వీపు రుద్దే అమ్మ చేతి గాజుల చప్పుడు, ఆ తర్వాత సంగటి ముద్దలో శనక్కాయల ఊరిబిండి పచ్చడి. ఆ తోట కాపు మీదే నేను కాలేజీ మెట్టు ఎక్కాను. అందుకే ఆ తోట ఉన్నన్నాళ్లే నా చదువు అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నేను ఆఖరి సంవత్సరానికి వచ్చేసరికి వరసగా వానలు తప్పాయి. చెరువు నెర్రెలిచ్చింది, బావి అడుగున బురద మిగిలింది. నాయన ఎద్దులబండి మీద డ్రమ్ము కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో నీళ్లు తెచ్చి చెంబుతో చెట్టుకింత పోసేవాడు. "బిడ్డకు పాలు తాపినట్ల తాపుతాండా పాపా. చెరువులోకి ఒక్క వాన నీళ్లు వస్తే చాలు, బాయిలోకి ఊట దిగుతాది. ల్యాకుంటే ఈ ఎండాకాలం దాటవు" అన్నాడు. వాన పడినా చెరువుకు నీళ్లు రాని చిక్కు ఒకటి ఉండేది. ఊరికి అవతల ఒక వంక, వానకు మాత్రమే పారే వాగు, ఉంది. వాన కురిసిన రోజు అది నిండుగా వచ్చి, మా చెరువును ముట్టకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది. వంక నుంచి ఊరి పక్కగా చెరువు దాకా కాలువ తవ్వితే నీళ్లు మళ్లుతాయని అందరూ అనేవాళ్లే గాని, ఎక్కడ ఎంత లోతు తవ్వాలో చెప్పే మనిషి లేడు. ఆ ఏడు మా సర్వే క్యాంపుకు ఊరు వెతుకుతుంటే నేను వెళ్లి సర్వే సారును అడిగాను. ఆయన కోస్తా మనిషి, ఎండలో కూడా తెల్లచొక్కా నలగనివ్వరు. "ప్రతి ఏడూ ఉత్తుత్తి కాలువలు గీసి మార్కులు వేసుకుంటున్నాం. ఈసారి నిజం కాలువే గీద్దామమ్మా" అన్నారు. ఆ మాట విని నేను హాస్టల్ దాకా పరుగెత్తాను.

వంకకూ చెరువుకూ మధ్య వాలు చాలా తక్కువ. మోకాలెత్తు తేడా వచ్చినా నీళ్లు కదలవు. అందుకని ముందు కదలని వస్తువు ఒకటి చూసుకుని, దాని మీద గుర్తు పెట్టి, ఎత్తులన్నీ ఆ గుర్తు నుంచే కొలుస్తారు. బెంచ్ మార్క్ అంటే అదే. మా ఊరి మొదట్లో, కాలువ పోయే దారికి నడుమ, నున్నగా గుండ్రంగా పెద్ద రాయి ఒకటి పడి ఉంది. మా క్లాసు మగపిల్లలు దాన్ని తోసి చూసి, ఇది భూమి ఉన్నన్నాళ్లూ కదలదని తేల్చుకుని, దాని నెత్తిన ఎర్ర రంగుతో గుర్తు వేశారు. క్లాసును రెండు బ్యాచీలు చేశారు. సారుతో పాటు మొదటి బ్యాచి ఆ గుర్తు నుంచి వంక వైపు కొలిచింది. నడుమ పీర్ల పండగకు సెలవులిచ్చారు. సెలవుల తర్వాత మా రెండో బ్యాచి అదే గుర్తు నుంచి చెరువు వైపు కొలవాలి. సారు అప్పుడు పరీక్షల పని మీద వేరే ఊరు పోయారు. ఆడపిల్లను ఊళ్లో తిప్పకూడదని మా వార్డెను పట్టుబట్టడంతో నన్ను చెరువుగట్టు మీద చెట్టునీడన కూర్చోబెట్టి పటం గీయమన్నారు. రాయి మీద గుర్తు పెట్టినప్పుడు నేను లేను, పండగకు ఊరికి పోలేదు, రెండో బ్యాచి రాయి దగ్గర నిలబడినప్పుడూ నేను లేను.

మా వైపు పీర్ల పండగ సాయిబులతో కలిసి ఊరంతా చేసుకుంటుంది. ఆ పండగనాడు మా ఊరి కుర్రాళ్లు గుండు ఎత్తుతారు. గుండంటే ఆ రాయే. ఎత్తి భుజానికి తెచ్చుకుని, ఊరి మొదట్లోనే ఉన్న పీర్ల చావిడి వైపు ఎంత దూరం నడిస్తే అంత మొనగాడు. ఎక్కడ దించితే అక్కడే ఉంటుంది, మళ్లీ పండగ దాకా. ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కాలేజీవాళ్లు అడగలేదు. వాళ్లకు కావలసింది కదలని రాయి అని తెలియదు గనుక ఊరివాళ్లూ చెప్పలేదు. ఆ ఏడు మా చిన్నాన్న కొడుకు ఓబులేసన్న దాన్ని ఎత్తాడు. చావిడి ముందున్న మిట్ట మీదికి, అంతకు ముందు ఎవరూ పోనంత దూరం నడిచి దించాడు. దించాక దాని మీద ఎర్ర గుర్తు కనపడింది. చదువుకున్న సార్లు పెట్టిన గుర్తు నేలకు తగలకూడదని, రాయిని మెల్లగా దొర్లించి గుర్తు సరిగ్గా పైకి వచ్చేట్టు నిలబెట్టాడు. అంతటితో ఊరుకోక పసుపు కుంకుమ కూడా పెట్టాడు. సెలవుల తర్వాత మొదటిసారి ఊరికి వచ్చిన మా బ్యాచి పిల్లలకు ఊరి మొదట్లో రాయి, రాయి నెత్తిన గుర్తు, గుర్తు పక్కన బొట్టు కనిపించాయి. అనుమానం ఎందుకొస్తుంది?

కాలువను ఊరే తవ్వింది, ఇంటికొక మనిషి చొప్పున. మేము పాతిన గూటాల మీద ఎక్కడికక్కడ లోతు రాసి ఉంది. వంక వైపు నుంచి ఒక గుంపు, చెరువు వైపు నుంచి ఒక గుంపు తవ్వుకుంటూ వచ్చి ఊరి దగ్గర కలిశారు. కలిసిన చోట చెరువు వైపు కాలువ అడుగు, గుండు మిట్ట ఎక్కినంత ఎత్తుగా, గడప మాదిరి తేలింది. "ఇదేందప్పా, మెట్టు వచ్చినాది" అని ఒకరిద్దరు అన్నారట. "ఇంజనీర్లు ఊరికే పెడతారా? నీళ్ల వడి తగ్గేదానికి పెట్టింటారు" అని నాయనే సర్దిచెప్పాడట. చెప్పి, ఆ గడప అంచును తానే పారతో నున్నగా చెక్కాడట. కూతురి చదువు మీద ఆయనకున్న నమ్మకం అది.

వాన వచ్చింది. ఆ ఏడాదికంతా అదొక్కటే. ఆదివారం కావడంతో నేను ఊళ్లోనే ఉన్నాను. వంక నుంచి ఎర్రనీళ్లు కాలువలోకి మళ్లి, నురగతో, ఎండుటాకులతో ముందుకు వస్తుంటే ఊరంతా వాటి వెంట నడిచాం. నాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, కొత్తకోడల్ని ఇంటికి తెస్తున్నట్టు నీళ్లతో సమంగా నడిచాడు. నీళ్లు గడప దగ్గరికి వచ్చాయి. ఆగాయి. లేచి, సుడి తిరిగి, పల్లంగా ఉన్న పక్క గట్టును తెంపుకుని రోడ్డు మీద పడి మళ్లీ వంకలోకే పోయాయి. నాయన పార తీసుకుని కాలువలోకి దూకాడు. ఓబులేసన్న దూకాడు. అందరూ దూకి ఆ గడపను తవ్వారు, గుంపులుగా, గోళ్లతో కూడా. కానీ ఎత్తుగా ఉన్నది గడప ఒక్కటే కాదు, అక్కడి నుంచి చెరువు దాకా కాలువ అడుగు మొత్తం ఆ ఎత్తులోనే ఉంది. "రా తల్లీ, ఈ తట్టు రా తల్లీ, మా తట్టు రా" అని అమ్మ గట్టు మీద నిలబడి, ఆవును పిలిచినట్టు చేతులు చాపి నీళ్లను బతిమాలింది. పొద్దు కుంకకముందే వంక తగ్గిపోయింది. చెరువు వైపు మా బురద కాళ్ల గుర్తులు తప్ప తడి లేదు.

కబురు అంది సర్వే సారు మొదటి బ్యాచి కుర్రాడొకణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. ఆ కుర్రాడు రాయి ఉండాల్సిన చోటికి పోయి, చుట్టూ చూసి, "సార్, రాయి ఈడ ల్యేదు" అన్నాడు. ఓబులేసన్న ముందుకు వచ్చి మిట్ట మీదికి చూపించాడు.

"ఆడ ఉండాది సార్. ఈ తూరి నేనే ఎత్తినా. మీ గుర్తుకు ఏమీ కాల్యా, పైకే పెట్టినా."

సారు రాయి మొదట ఉన్న చోటి నుంచి మిట్ట దాకా కళ్లతోనే ఎత్తు కొలిచారు. అన్నను ఎవరూ తప్పుపట్టలేదు. సారు చూపుతోనే అతనికి సంగతి అర్థమైంది. అక్కడే కూలబడి నోట్లో కండువా కుక్కుకున్నాడు. మళ్లీ ఏ పండగకూ అతను ఆ గుండును ముట్టలేదు. సారు నాయన ముందు నిలబడి చేతులు జోడించారు. "ఇది కదులుతుందా అని ఒక్క మాట అడగాల్సిందండీ. నేను అడగలేదు" అన్నారు. నాయన ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. "పోనీలే సామీ. కాలువ యాడికీ పోల్యా కదా. మళ్ల తవ్వుకుంటాం. వాన రావాల, అంతే." సారు మా ఇంట్లోనే ఉండి మళ్లీ కొలిచారు, ఊరు మళ్లీ తవ్వింది. వాన రాలేదు. ఎండాకాలం వచ్చింది.

చీనీ చెట్టు ఒక్కరోజులో చావదు. ఆకు ముడుచుకుంటుంది, రాలుతుంది, కాయ గోలీకాయంత సైజులోనే నల్లబడి కొమ్మను పట్టుకుని వేలాడుతుంది. బెరడు పగిలి బంక కారుతుంది. పోసుకోవడానికి నీళ్లు లేని రోజుల్లో కూడా అమ్మ తోటకు పోయేది. ఒంటిని తడిగుడ్డతో తుడుచుకుని ఆ గుడ్డను చెట్టు మొదట్లో పిండేది. ఆ రెండు చుక్కలు చెట్టు నోటికి అందవని ఆమెకు తెలియదా? తెలుసు.

నేను తర్వాత ఇరిగేషన్‌లో చేరి చాలా కాలువలు తవ్వించాను. ఎక్కడికి పోయినా రాయి మీద గుర్తు పెట్టే ముందు ఊళ్లోకి పోయి అడిగేదాన్ని, నా కింది ఉద్యోగులు చాటున నవ్వుకునేవాళ్లు. తప్పు ఎవరిదని చాలా ఏళ్లు లోపల్లోపల విచారణ జరిపాను. అన్నదా, సారుదా, ఆ పిల్లలదా? ఆ విచారణ ఎవరి దగ్గరా ఆగలేదు. మేము, సివిల్ వాళ్లం, తోట ఎండబెట్టినా మా వెంట పార పట్టుకుని మళ్లీ నడిచిన ఊరు అప్పుడుంది. ఇప్పుడు మా అవసరమే లేదట. బాగుపడి అవసరం లేకుండా పోయిందా అంటే, పొద్దున బస్సులోంచి చూసినదేమిటి మరి? తోటలు అప్పుడూ ఎండాయి, ఇప్పుడూ ఎండుతున్నాయి. అంత పోగొట్టుకుని మేము నేర్చుకున్నది ఒక్క వాక్యం. దాన్ని మోసే బ్రాంచి కూడా ఈ ఏటితో సరి.

ఇదంతా సభలో చెప్పలేదు. శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, "మేడమ్, ఒక తీపి జ్ఞాపకం చెప్పండి" అన్నారు. మా హాస్టల్ అన్నం చాలా బాగుండేదని చెప్పాను. పిల్లలు పగలబడి నవ్వారు, హాస్టల్ అన్నాన్ని మెచ్చుకున్న మనిషిని వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు. మడకశిర పిల్ల కూడా నవ్వింది. నేను అబద్ధం చెప్పలేదు.

తోట ఎండిన ఆ ఎండాకాలం, ఆఖరి పరీక్షల ముందు, ఒక పొద్దున హాస్టల్ వెనక ఎద్దులబండి ఆగింది. చదువుకుంటున్న గదిలోకి ముందు వాసన వచ్చింది. పరుగెత్తుకుంటూ పోయేసరికి నాయన కట్టెలు దించుతున్నాడు. ముళ్లు గీరి మోచేతుల దాకా నెత్తుటి చారలు. "చీనీ కట్టెమ్మా, పొగ రాదు, నిలకడగా మండుతాది" అని వంటామెకు చెబుతున్నాడు, సంతలో సరుకు అమ్మే మనిషి గొంతుతో. నన్ను చూసి ఆగాడు.

"యాడన్నా ఇయ్యాల కదా పాపా. బొగ్గు బట్టీలోల్లు అడిగినారు. నాకు మనసు రాల్యా. నువ్వు తినే తావుకే తెచ్చినా. నీ అన్నం దీని మీదనే ఉడుకుతాదిలే."

"అన్నీ కొట్టేసినావా నాయనా?"

"అన్నీ. నీ చెట్టు ఒగటి మాత్రం మీ అమ్మ కొట్టనియ్యల్యా. ఎండిపోయినాది, అయినా నిలబడుకోని ఉండాది. ఇంగా దాని కాడనే గుడ్డ పిండుతాది."

తిని పొమ్మంటే వినలేదు. ఎద్దులకు మేత వేళయిందని ఖాళీ బండి తోలుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం గంట కొట్టారు. అందరితో పాటు కూర్చున్నాను. వడ్డించిన అన్నం పొగలు కక్కుతోంది, పక్క పిల్లలు పప్పు నీళ్లగా ఉందని సణుగుతున్నారు. మొదటి ముద్దను నీళ్లతో మింగాను. కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమని అడిగాను. ఆ కట్టెలు అయిపోయేదాకా నేను ఏ పూటా కంచంలో మెతుకు మిగల్చలేదు.